చెరువు కట్టకి ఫెన్సింగ్, టికెట్ పెడతారట. రేవు మీద కూర్చునే అలవాటు ఏమైపోతుంది? సలహా కావాలి

కట్టమీది_గాలి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఆదివారంలోపు జవాబులు కావాలి.

మాది హైదరాబాద్ తూర్పు వైపు. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు నాలుగు కాలనీలు కలిసిపోయిన చోటు. ఇంటికి అయిదు నిమిషాల నడకలో చెరువు ఉంది, పేరు కావాలనే రాయట్లేదు. కట్టకి ఒక చివర చాకిరేవు, అక్కడి బండలు తరాల తరబడి బట్టలు ఉతికి ఉతికి నున్నగా అరిగిపోయాయి. ఇంకో చివర చేపల సొసైటీ వాళ్లు తెప్పలు బోర్లించి పెట్టుకుంటారు, వలలు ఆరేసుకుంటారు. పొద్దుటి నుంచి అక్కడ పని నడుస్తూనే ఉంటుంది. సాయంత్రం అయిదు దాటి బట్టల మూటలు ఆటో ఎక్కాక, అవే బండల మీద మా కాలనీ పిల్లలు, షుగర్ ఉండి నడవడానికి వచ్చిన పెద్దవాళ్లు, డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, హాస్టల్లో గాలి ఆడక వచ్చిన అమ్మాయిలు కూర్చుంటారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ బెంచీలు వేయలేదు. మక్క కంకుల బండి ఒకటి, మిర్చి బజ్జీల బండి ఒకటి, అంతే.

ఇప్పుడు సుందరీకరణ అంటున్నారు. చుట్టూ గ్రిల్, ఒక గేటు, మనిషికి ఇరవై రూపాయల టికెట్, చాకిరేవు "వేరే చోటికి మార్పు". ఎక్కడికి మారుస్తారో కాగితం మీద లేదు. కాలనీలో సగం మందికి సంతోషంగా ఉంది, ఫ్లాట్ల రేట్లు పెరుగుతాయని. ఆదివారం మీటింగ్ ఉంది.

నాకెందుకింత టెన్షన్ అంటే, ఇలాంటిది నేనొకసారి చూశాను. 2018లో కంపెనీ పని మీద ఆరు నెలలు హాంకాంగ్‌లో ఉన్నాను. సాయి వాన్ అనే పాత పేటలో గది. వీధంతా ఎండుచేపల దుకాణాలు, మొదటి వారం ఆ వాసనకి తలనొప్పి వచ్చేది, రెండో నెలకి అదే ఇంటి వాసన అయిపోయింది. అక్కడ సముద్రం ఒడ్డున సరుకు దించుకునే రేవు ఒకటి ఉంది. అధికారికంగా పశ్చిమ జిల్లా పబ్లిక్ కార్గో వర్కింగ్ ఏరియా. జనం మాత్రం ఇన్‌స్టాగ్రామ్ పియర్ అనేవాళ్లు. పగలు పెద్ద పెద్ద బార్జిలు (సరుకు మోసే చదును పడవలు), వాటి మీదే క్రేన్లు, పాలెట్లు, వెదురు కట్టలు, ఫోర్క్‌లిఫ్టులు. సాయంత్రం అయ్యేసరికి అదే కాంక్రీటు మీద కుక్కల్ని తిప్పేవాళ్లు, గాలం వేసుకుని కూర్చున్న తాతలు, పెళ్లి ఫోటోలు దిగే జంటలు, ట్రంపెట్ సాధన చేసుకునే ఒక కుర్రాడు. అంచున రెయిలింగ్ లేదు. వాన పడి వెలిస్తే ఆ నేల మీద పలచగా నీళ్లు నిలిచి, పడమటి ఆకాశమంతా కాళ్ల కింద కనపడేది. ఆ గుంట దగ్గర నలుగురు మోకాళ్ల మీద కూర్చుని ఫోన్లు నేలకి ఆనించి ఫోటోలు తీస్తుంటే, వెనకాల ఒకాయన చేతిగ్లవ్స్ తీసి నడుముకి దోపుకుని సిగరెట్ కాలుస్తూ వాళ్లనే చూస్తుండేవాడు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

2021లో దాన్ని జనానికి మూసేశారు. కోవిడ్ అన్నారు. కోవిడ్ అయిపోయింది, రేవు మాత్రం జనానికి తెరవలేదు.

నా ప్రశ్న ఇది. పనిచేసే రేవుని, జనం కూర్చునే చోటుని రెండిటినీ నిలబెట్టుకోవాలంటే మీటింగులో ఏం అడగాలి? ఎవరిని కలుపుకోవాలి? పార్కు వద్దు అనే మనిషిగా నన్ను చూస్తే అక్కడితో నా మాట అయిపోతుంది.

---

సరుకు_లెక్క

అన్నా, నేను షిప్పింగ్ లైన్‌లో పనిచేస్తూ ఏడేళ్లు హాంకాంగ్‌లో ఉన్నాను. నువ్వు రాసింది నిజమే, కానీ నీకు సాయంత్రమే తెలుసు. నాకు పగలు తెలుసు కాబట్టి ఆ వైపు చెప్తాను.

ఆ రేవు 1981లో మొదలైంది. అక్కడి మెరైన్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది, ఒడ్డుని బెర్తులుగా, అంటే పడవలు ఆగి సరుకు దించే చోట్లుగా విడగొట్టి సరుకు వ్యాపారులకి ఇస్తారు. పెద్ద ఓడ ఒడ్డుకి రాదు, నడి నీళ్లలో లంగరేసి ఉంటుంది. క్రేన్ ఉన్న బార్జి ఓడ పక్కకి వెళ్లి సరుకు ఎక్కించుకుని ఒడ్డుకి తెస్తుంది, లేదా ఇక్కడి సరుకు అక్కడికి మోస్తుంది. దాన్ని మిడ్‌స్ట్రీమ్ పని అంటారు. టెర్మినల్ ఖర్చు లేకుండా చవగ్గా అయిపోతుంది, అందుకే చిన్న వ్యాపారులు బతికారు. క్రేన్ తాడు తెగినా, కొక్కెం జారినా కింద ఉన్న మనిషి మిగలడు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తున్నప్పుడు ఎవరో ఒకరు సెల్ఫీ కోసం అడ్డం నిలబడితే ఆ డ్రైవర్ గుండె ఎలా కొట్టుకుంటుందో నేను పక్కన నిలబడి చూశాను. అయినా వాళ్లు జనాన్ని తరిమేవాళ్లు కాదు. చెయ్యి ఊపి పక్కకి జరగమనేవాళ్లు, జరిగేవాళ్లు. ఎవరూ రాయని ఒప్పందం అది, ఏళ్ల తరబడి నడిచింది. 2014 డిసెంబర్‌లో పక్కనే యూనివర్సిటీ మెట్రో స్టేషన్ తెరిచాక బయటి పేటల వాళ్లు కూడా వచ్చి జనం బాగా పెరిగారు.

ఇప్పుడు అసలు మాట. అక్కడ జనం కూర్చోవడానికి ఎప్పుడూ అనుమతి లేదు. పనివాళ్లకి తప్ప ఇతరులకి ప్రవేశం లేదని బోర్డు ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు అంతే. పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన చోటు కాబట్టి, పట్టించుకోవడం మొదలుపెట్టిన రోజున ఒక్క ఉత్తర్వుతో పోయింది. కోర్టుకి వెళ్దామన్నా చేతిలో కాగితం ఏదీ? మేమందరం బాధపడ్డాం, ఫోటోలు పెట్టుకున్నాం. అంతకంటే ఏం చేయగలం?

అందుకని మీటింగులో "ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి" అని మాత్రం అడగొద్దు. ఇప్పుడున్నది ఎక్కడా రాసి లేదు. రాయించు. పొద్దున ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా రేవు పని, సాయంత్రం ఇన్నింటి నుంచి అందరికీ, టికెట్ లేకుండా. తీర్మానంలో ఈ వాక్యం పడాలి.

---

సాగర్_ఒడ్డు_అమ్మమ్మ

బాబూ, నా వయసు డెబ్బై మూడు. మా అమ్మాయి టైపు చేస్తోంది, నేను చెప్తున్నాను.

హాంకాంగ్ దాకా ఎందుకు, మన హుస్సేన్ సాగర్ ఒడ్డు పనిచేసిన ఒడ్డు కాదా? 1920లో నిజాం కాలంలో కట్టిన కరెంటు తయారు చేసే స్టేషన్ ఆ నీళ్ల పక్కనే ఉండేది, బొగ్గుతో నడిచేది. మా మేనమామ అందులో పనిచేశాడు. ఇంటికి వస్తే చెవుల వెనక మసి ఉండేది, అత్తయ్య తడిగుడ్డతో తుడిచేది. ఆ స్టేషన్ మూతపడింది, కూల్చేశారు. ఇప్పుడు ఆ ఒడ్డున తిరిగే పిల్లలకి చెప్తే నమ్మరు. ఒక్క గోడ, ఒక్క బోర్డు అయినా ఉంచి ఉంటే నేను మనవడికి చూపించేదాన్ని. మీ చెరువులో ఆ పొరపాటు జరగనివ్వకండి, ఉతికే బండ ఒక్కటి కూడా కదలనివ్వకండి.

ట్యాంక్‌బండ్ కూడా షికారు కోసం కట్టింది కాదు. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు కట్ట అది. ఈ ఊరు ఆ నీళ్లు తాగింది. తర్వాత కట్ట మీద రోడ్డు పడింది, 1946 ప్రాంతంలో మీర్జా ఇస్మాయిల్ దివాన్‌గా ఉన్నప్పుడు వెడల్పు చేశారు. మేం చిన్నప్పుడు ఎండాకాలం రాత్రి అన్నాలు తినేసి కట్ట మీద గాలికి వెళ్లేవాళ్లం. చాపలు కూడా తీసుకెళ్లేవాళ్లం. ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పటికీ పిల్లలు అర్ధరాత్రి ఐస్‌క్రీమ్ అంటూ వెళ్తున్నారు కదా. 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి కట్టంతా జనానికి వదిలినప్పుడు నన్ను వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లారు. రోడ్డు మధ్యలో, తెల్లగీత మీద ఉన్నాను నేను. యాభై ఏళ్ల తర్వాత ఆ కట్ట నడిమధ్యన గాలి తగిలింది.

ఇంకో మాట. ఏడాదికి ఒక్క రోజు ట్యాంక్‌బండ్ కూడా రేవే. గణేష్ నిమజ్జనం రోజు వరసగా క్రేన్లు నిలబెడతారు. తెల్లారాక వెళ్లి చూడు. ఈత వచ్చిన కుర్రాళ్లు నీళ్లలోకి దిగి విగ్రహాల లోపలి ఇనప చువ్వలు లాగి ఒడ్డున కుప్పలు పోసుకుంటారు, కిలోల లెక్కన అమ్ముకుంటారు. పండగ చూడటానికి లక్షల మంది వస్తారు గానీ ఆ కుర్రాళ్లని ఎవరూ చూడరు. నీళ్లంటే ఆట కాదని కూడా చెప్తున్నాను. 1990లో బుద్ధుడి విగ్రహం మోసుకెళ్లిన బార్జి ఒరిగిపోయి మనుషులు పోయారు, విగ్రహం మునిగిపోయింది. 1992 డిసెంబర్‌లో గానీ నిలబెట్టలేకపోయారు. ఆ రోజుల్లో ఊరంతా ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు.

బతుకమ్మ ఎక్కడ వేస్తారు మీరు? ఆ గ్రిల్ పడితే సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు పళ్లెం నెత్తిన పెట్టుకుని టికెట్ లైన్లో నిలబడాలా? ఇదే అడుగు మీటింగులో. ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

---

రెండో_అంతస్తు_కిటికీ

నాది మీకు నచ్చని మాట కావచ్చు. మా ఇల్లు కూడా ఒక చెరువు కట్ట పక్కనే, ఊరు వేరు. మూడేళ్ల కింద మా వీధిలో తొమ్మిదేళ్ల బాబు బంతి కోసం దిగి పోయాడు. ఆ తల్లి అరుపు నేను కిటికీలోంచి విన్నాను. రెయిలింగ్ లేకపోవడం మీకు ఫోటోలో అందంగా ఉంటుంది. చీకటి పడ్డాక అదే కట్ట మీద మందు సీసాలు, నేనూ మా అమ్మాయీ ఏడు దాటితే అటు వెళ్లం.

గ్రిల్ పూర్తిగా వద్దు అనకండి అన్నా. లోతున్న చోట అడ్డు ఉండాలి. లైట్లు ఉండాలి. ఆడవాళ్లకి ఒక బాత్రూమ్ ఉండాలి, అది లేకనే మేం పావుగంటలో లేచి వచ్చేస్తాం. ఇవి అడిగితే మా లాంటి వాళ్లం మీ వెంట వస్తాం.

---

కట్టమీది_గాలి

అక్కా, నచ్చకపోవడం ఏం లేదు. చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. బాత్రూమ్ సంగతి నాకు తట్టనే లేదు, మా ఆవిడని అడిగితే "ఇన్నాళ్లకి అడిగావు" అంది. లైట్లు, లోతు దగ్గర అడ్డు, బాత్రూమ్ మూడూ రాసుకున్నాను.

అమ్మమ్మగారూ, బతుకమ్మ ప్రశ్న మీ పేరు చెప్పే అడుగుతాను.

---

తూము_అలుగు

ఇరిగేషన్‌లో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. మీరందరూ కట్టని కూర్చునే అరుగులా మాట్లాడుతున్నారు, అది మట్టి డ్యామ్ అని ఒక్కరూ అనలేదు. కొంచెం వివరంగా చెప్తాను, మీ మీటింగుకి పనికొస్తుంది.

కట్టకి నీళ్ల వైపు రాతి పేర్పు ఉంటుంది, అలలకి మట్టి కొట్టుకుపోకుండా. కిందికి నీళ్లు వదలడానికి తూము. నిండితే పొర్లిపోవడానికి అలుగు, మన వైపు మత్తడి అంటాం. ఈ మూడింట్లో ఏది చెడినా కట్టకి ప్రమాదమే. సుందరీకరణ పేరుతో నేను చూసిన తప్పులన్నీ ఇక్కడే జరిగాయి. వాకింగ్ ట్రాక్ నేరుగా వెళ్లాలని అలుగు ఎత్తు పెంచేస్తారు, లేదా దాని ముందు గోడ కడతారు. అప్పుడు వానాకాలం నీళ్లు పైన ఉన్న కాలనీల్లోకి తంతాయి. నీడ కోసమని కట్ట మీదే పెద్ద చెట్లు నాటుతారు, చెట్టు చచ్చాక వేరు కుళ్లిన దారిలో నీరు కారి బుంగ పడుతుంది. బుంగ పెద్దదైతే గండి. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు కింది బస్తీలు ఎలా మునిగాయో ఈ ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి డ్రాయింగ్ చూపించమని అడగండి. తూము ఎక్కడ, అలుగు మట్టం ఎంత, గ్రిల్ పునాది గుంతలు కట్టలో ఎంత లోతుకి దిగుతున్నాయి. ఈ ప్రశ్నలు వేస్తే మిమ్మల్ని పార్కు వ్యతిరేకి అని ఎవరూ అనలేరు.

ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గీత, దాన్ని నేల మీద రాళ్లు పాతి చూపించమనండి. చెరువు 25 ఎకరాలు, ఆపైన ఉంటే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్. ఫుడ్ కోర్టు, టికెట్ కౌంటరు, పార్కింగ్ అంటూ సిమెంటు కట్టడాలు ఆ హద్దుల్లో పడుతున్నాయేమో చూడండి. చాలాచోట్ల పడతాయి.

ఇక చాకిరేవు. నా అనుభవంలో చాకిరేవు, చేపల సొసైటీ బతికున్న చెరువు కబ్జా కావడం కష్టం. రోజూ నీళ్లలో దిగే మనిషికి నీటిమట్టం చెయ్యంత తగ్గినా తెలుస్తుంది, రాత్రికి రాత్రి టిప్పర్ వచ్చి మట్టి పోస్తే పొద్దున్నే తెలుస్తుంది. మాకు ఆఫీసులో ఫిర్యాదులు ఎక్కువగా వాళ్ల నుంచే వచ్చేవి. వాళ్లని పంపేసి వాచ్‌మన్‌ని పెడితే ఆ వాచ్‌మన్‌కి గేటు మాత్రమే తెలుస్తుంది. సబ్బు నీళ్లు చెరువులో కలుస్తాయి కదా అని ఎవరైనా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఉతికే చోటుకి కొంచెం ఎత్తులో తొట్లు కట్టి, ఆ మురుగుకి వేరే కాలువ ఇస్తే సరిపోతుంది. మీ కాలనీల డ్రైనేజీ ఎక్కడ కలుస్తోందో కూడా అదే మీటింగులో అడగండి మరి. సాధారణంగా సబ్బు నీళ్ల కంటే అది చాలా పెద్దది.

---

మూడో_బండ

అన్నా, నేను ఇదే ఊరివాణ్ణి. నీ చెరువు ఏదో పోస్టు చదవగానే తెలిసిపోయింది. కంకుల బండి దగ్గర నిన్ను చూసి ఉంటాను కూడా. మా నాన్న ఆ రేవులోనే ఉతుకుతాడు. మేం మూడో బండ వాళ్లం. బండలకి లెక్క ఉంటుంది, ఏ ఇంటికి ఏది అని. మా తాత నుంచి అదే బండ. దాని మీద ఎడమ వైపు ఒక గుంట ఉంటుంది, మా నాయనమ్మ మోకాలు పెట్టి పెట్టి పడింది అంటారు. సాయంత్రం వచ్చి కూర్చునేవాళ్లు ఆ గుంటలో టీ గ్లాసు పెడతారు, ఒరగకుండా నిలబడుతుందని. నాకు కోపం రాదు, బాగానే ఉంటుంది చూడటానికి.

నేను బీకాం చేసి ఆఫీసులో పనిచేస్తున్నాను, ఆదివారాలు నాన్నకి సాయం. హోటళ్ల దుప్పట్లు, హాస్పిటల్ ఆకుపచ్చ గుడ్డలు ఎక్కువ వస్తాయి ఇప్పుడు, ఇళ్లవి తగ్గిపోయాయి. పొద్దున నాలుగున్నరకి మొదలుపెడితే పదకొండుకి ఉతకడం అయిపోతుంది, తర్వాత అంతా ఆరేయడమే. ఆరేయడానికి కట్ట పక్క జాగా కావాలి. సుందరీకరణ ప్లాన్‌లో సరిగ్గా ఆ జాగాలోనే "సెల్ఫీ పాయింట్" అని రాసి ఉంది, ఫోటో తీసి పెట్టుకున్నాను.

మీటింగ్ ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. నీ పోస్టులో చూసి తెలిసింది. కాలనీ గ్రూపుల్లో మేం లేం. చేపల సొసైటీ వాళ్లకి కూడా తెలీదు, ఇప్పుడే పెద్దమనిషికి ఫోన్ చేశాను, ఆయన ముందు నమ్మలేదు.

సాయంత్రం జనం రావడం ఆపమని మేం ఎప్పుడూ అనలేదు, అనం. మీరు వస్తున్నారు కాబట్టే చీకట్లో ఎవరూ బండలు ఎత్తుకుపోలేదు, మా తాళ్లు తెంపలేదు. మా పని ఉంది కాబట్టే మీకు ఆ మెట్లు శుభ్రంగా ఉంటున్నాయి, పొద్దున్నే సీసాపెంకులు ఏరేది మా అమ్మే. ఇది మీ కాలనీ పెద్దల ముందు మా నాన్న చెప్తే వింటారా? నువ్వు పక్కన ఉంటే ఆయన మాట్లాడతాడు. ఒక్కడైతే చేతులు కట్టుకుని వెనక నిలబడిపోతాడు, ఆయన అలవాటు అది.

---

కట్టమీది_గాలి

తమ్ముడూ, ఆ గుంటలో గ్లాసు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తెలీదు నాకు. నాన్నగారికి చెప్పు.

మీటింగు క్లబ్ హౌస్‌లో పెట్టారు, అక్కడికి మీవాళ్లని లోపలికి రానిస్తారో లేదో అని ఇందాకే సెక్రటరీకి ఫోన్ చేసి మాట్లాడాను. చెరువు గురించి మాట్లాడేటప్పుడు చెరువు దగ్గరే మాట్లాడదాం అన్నాను. కొంచెం నసిగి ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం అయిదున్నరకి, కట్ట మీద. కుర్చీలు వేయిస్తామన్నారు, వద్దన్నాను.

సెల్ఫీ పాయింట్ ఉన్న ఆ ప్లాన్ ఫోటో నాకు పంపు, పెద్దగా ప్రింట్ తీయిస్తాను. తూము, అలుగు గురించి రాసిన సార్, మీకు వీలైతే రండి, నేనే వచ్చి బండి మీద తీసుకొస్తాను. "ఉదయం రేవు పని, సాయంత్రం అందరికీ, టికెట్ లేకుండా" అన్న వాక్యం తీర్మానంలో మొదటి లైనుగా రాసి పెట్టుకున్నాను. రేవు పనికి పొద్దున నాలుగున్నర నుంచి సాయంత్రం అయిదు దాకా అని టైములు వేశాను. మూడో బండ తమ్ముడూ, చలికాలం ఆరడానికి ఇంకో గంట పడుతుందేమో, నాన్నగారిని అడిగి సరైన టైము చెప్పు, రేపటికల్లా దిద్దుతాను.